పక్కకు పడని వెలుగు

మార్చి 9

సుందరరావు నన్ను మోసం చేశాడు. మిగతా సంగతులు తర్వాత, ముందు ఈ ముక్క కాగితం మీద పడాలి.

బస్టాండు దగ్గర వాడి ఎలక్ట్రికల్ షాపులో పోయిన వారం కొన్న టార్చి. ఛార్జింగుది, జానెడు కూడా లేదు, చొక్కా జేబులో ఇమిడిపోతుంది. "బావగారూ, ఇది కొడితే చెరువు అవతల గట్టు మీద కొంగ కూడా కనపడుద్ది" అన్నాడు. కనపడింది, కాదనను. నిన్న పొద్దుగుంకాక తోటలో కొట్టి చూస్తే చివరి వరస చెట్టు మీద కాకి గూడు పుల్లలతో సహా కనపడింది. కాని నా కాళ్ళ పక్కన? ఏమీ లేదు. వెలుగంతా మధ్యలో పళ్ళెమంత గుండ్రంగా పడి ఊరుకుంటుంది, దానికి అటూ ఇటూ తారు పూసినట్టు నలుపు. డ్రిప్పు పైపు కాలికి తగిలి బోర్లా పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది.

పక్కకు వెలుగు పడని టార్చి ఒక టార్చేనా? మనిషి నడిచేది ముందుకే కావచ్చు, దొంగ వచ్చేది మాత్రం పక్కనుంచే. అందులోనూ ఈ ఏడు నాకు టార్చి ఆషామాషీ వ్యవహారం కాదు. పూత మీద మామిడితోట అమ్మలేదు. ఏటా పూత చూసి వ్యాపారి బేరం చేసుకుంటాడు, ఆ రోజు నుంచి కాయ వాడిది, కాపలా వాడిది. నా చెట్టు కాయతో మా ఇంట్లో పప్పు వండుకోవాలన్నా వాడి మనిషిని అడగాలి. పోయినేడు అలా అడిగితే పురుగు పట్టిన కాయ ఇచ్చి పంపాడు. చాలు అనుకున్నాను. ఈసారి కాపు నాది, కాపలా నాది.

"ఈ కళ్ళతో కాపలా ఏంటండీ?" అంటుంది మా ఆవిడ శివపార్వతి. నా కళ్ళకేమైంది? సంక్రాంతి ముందు ఎ.కొండూరులో కంటి శిబిరం పెడితే గోడ మీద కడపటి వరస అక్షరాలు గడగడా చదివేశాను. అక్కడి కుర్రాడు "మీకు చూపు బ్రహ్మాండంగా ఉందండీ" అని మరీ పంపించాడు. ఆవిడకి మాత్రం అది చాలదు, విజయవాడ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకే చూపించాలి.

విజయవాడ అనగానే నాకు అనుమానం. అక్కడ మా అమ్మాయి సుప్రజ ఉంది.

మార్చి 11

టార్చి తీసుకెళ్ళి సుందరరావు బల్ల మీద పెట్టాను. పెద్దగా అరవలేదు. కొంచెం అరిచాను.

వాడు షట్టరు సగం దించి గోడ మీద కొట్టి చూపించాడు. "చూడండి బావగారూ, మధ్యలో చుక్క, దాని చుట్టూ తెల్లగా ఎంత పరుచుకుందో" అంటాడు. ఏదీ? నాకు చుక్కే కనపడుతోంది. నేను అదే మాటంటే షాపులో పనిచేసే అమ్మాయి వైపు చూసి కళ్ళు తిప్పాడు. నేను చూశానని వాడనుకోలేదు, చూశాను. ఎదురుగా జరిగేది ఏదీ నా కన్ను దాటిపోదు.

"దూరం కొట్టేది వేటకి పనికొస్తది. రోజూ నడకకి వెడల్పుగా పరుచుకునేది కావాలి. ఇది తీసుకోండి, ముందున్న మూతి జరిపితే వెలుగు విచ్చుకుంటది" అని పాతదానితో పాటు ఇంకోటి చేతిలో పెట్టాడు. మాట సబబుగానే ఉంది. కాని వీడు శివపార్వతికి పిన్ని కొడుకు. అక్కా తమ్ముళ్ళు ఫోన్లో ఏమేం మాట్లాడుకుంటారో నాకేం తెలుసు?

మార్చి 12

ఇదీ అంతే. మూతి జరిపితే చుక్క మసకబారింది తప్ప వెడల్పు కాలేదు.

మార్చి 17

ఈ మధ్య మా ఇంట్లో అందరూ పిల్లి అడుగులు నేర్చారు. పొద్దున వరండాలో పేపరు చదువుకుంటుంటే "మజ్జిగ" అని చెవి పక్కనే వినపడింది. ఉలిక్కిపడి చెయ్యి విసిరితే గ్లాసు ఎగిరి మజ్జిగంతా పేపరు మీద. "వచ్చి ఎంతసేపైందండీ, మీ పక్కనే నిలబడ్డాను కదా" అంటుంది శివపార్వతి. పక్కన నిలబడి ఏం చేస్తున్నట్టు? నా మొహం చూస్తోందట. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది ఇప్పుడేం ముచ్చటో.

వస్తువులు కూడా కదులుతున్నాయి. కళ్ళజోడు కుడిచేతి పక్కన పెడితే మాయమవుతుంది. వెతికి వెతికి కేకేస్తే ఆవిడ వచ్చి పెట్టిన చోటినుంచే తీసి ఇస్తుంది. గారడీ మేళమా ఇది? ఎవరో తీసి మళ్ళీ పెట్టందే ఎలా జరుగుతుంది?

ఇవాళ కంటి చుక్కల మందు పోయింది. రెండేళ్ళ కిందట కాయ తెంపుతుంటే సొన కంట్లో చిట్లింది. మంటకి తట్టుకోలేక మెడికల్ షాపులో అడిగితే ఈ సీసా ఇచ్చారు. అద్భుతమైన మందు. రెండు చుక్కలు వేస్తే దురదా మంటా మాయం. అప్పట్నుంచీ అయిపోయినప్పుడల్లా కొనుక్కొచ్చి పొద్దునా సాయంత్రం వేసుకుంటున్నాను. తోటలో తిరిగేవాడికి సొన, ధూళి, పురుగుమందు తుంపర తప్పవు కదా. అందుకే నా కళ్ళు ఇంత శుభ్రంగా ఉన్నాయి. ఆ సీసా కిటికీలో లేదు. అడిగితే "నాకు తెలీదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ అబద్ధం ఆడితే గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తుంది. చేసింది.

సాయంత్రం వెళ్ళి కొత్త సీసా కొన్నాను. దీన్ని బీరువాలో దాచాను.

సుప్రజ ఫోను. "నాన్నా, తోట గుత్తకిచ్చెయ్యి. నువ్వొకసారి రా, కళ్ళు చూపిద్దాం." రెండూ ఒకే ఊపిరిలో అంది. నాకు లెక్క తేలిపోయింది. కళ్ళు పోయాయని ఒక డాక్టరు చేత చెప్పిస్తే ముసలాడు మూలన కూచుంటాడు, తోట అల్లుడి చేతికొస్తుంది. అల్లుడికి ప్లాట్ల మీద మోజు అని నాకు తెలియందా.

మార్చి 24

సాయంత్రం కరెంటు పోయింది. మంచి అవకాశం అనుకొని పాతదీ కొత్తదీ రెండు టార్చీలూ హాల్లో తెల్లగోడ మీద ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశాను.

"గోడ మీద ఏం కనపడుతోంది?" అని శివపార్వతిని అడిగాను.

"గోడంతా వెలుగే కదండీ. క్యాలెండరు, గడియారం, ఆ మూల బూజుతో సహా కనపడుతోంది."

నాకు క్యాలెండరు కనపడింది. గడియారం కనపడాలంటే తల తిప్పాలి.

చుక్క ఎక్కడుందో ఆవిడకి ముందే తెలుసు, గోడ మీద ఏమేం ఉన్నాయో ఇరవై ఏళ్ళుగా తెలుసు. చూడకుండానే చెప్పగలదు. తమ్ముడి సరుకుని వెనకేసుకురావడం తప్ప ఇంకేం కాదు.

"ఏమండీ, ఒక్కసారి..." అంది. నేను టార్చి ఆపేశాను.

ఏప్రిల్ 2

మన బజారుని నమ్ముకుంటే లాభం లేదు. వారం రోజులుగా ఫోన్లో టార్చీల వీడియోలు చూస్తున్నాను. ఎంత లోకం ఉందండీ బాబూ దీనిలో! డబ్బా మీద లక్ష ల్యూమెన్ల వెలుగు అని అచ్చేసే వాళ్ళంతా అబద్ధాలకోర్లట. చిన్న టార్చి నిజంగా వెయ్యి ఇస్తే అదే గొప్ప, అది కూడా కాసేపే, తర్వాత వేడెక్కి తనంతట తనే తగ్గిపోతుందట. ఇన్నాళ్ళూ నేను అంటున్నది కూడా ఇదే కదా!

మిలిటరీ వాళ్ళు, పోలీసులు వాడే రకం చిన్న టార్చీలున్నాయి. నాకు కావలసినవన్నీ ఉన్నాయి. ఒంటికి అల్యూమినియం, కిందపడినా పగలదు, వానలో తడిసినా ఆగదు. బటన్ తోక దగ్గర ఉంటుంది, పిడికిట్లో పట్టుకొని బొటనవేలితో నొక్కొచ్చు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో టార్చి. ఇంట్లో వాడకానికి సన్న వెలుగు, నడకకి మధ్యరకం, దొంగ కంట్లో కొట్టడానికి పెద్దది. మిలమిల కొట్టేది కూడా ఒకటుంది, అది మొహాన కొడితే మనిషైనా పందైనా దిమ్మతిరిగి నిలబడిపోవాల్సిందే. నడుముకి తగిలించుకోవడానికి క్లిప్పు. ఫోను ఛార్జరుతోనే ఛార్జింగు. ముఖ్యంగా "మధ్యలో దూరం, పక్కలకి వెడల్పు, రెండూ సమానంగా" అన్నాడు వీడియో కుర్రాడు.

ఆర్డరు పెట్టాను. శివపార్వతికి చెప్పలేదు.

ఏప్రిల్ 6

వచ్చింది! బొటనవేలికన్నా కాస్త లావు, నా అరచేతికన్నా కాస్త పొడుగు. చేతిలో పట్టుకుంటే ఉక్కుముక్క. మసక చీకటి పడగానే పెరట్లో కొబ్బరిచెట్టు మీద కొట్టాను. గెలల మధ్య ఉడత తోక కూడా కనపడింది. ఇదీ టార్చంటే! సుందరరావు సరుకు దీని కాలిగోటికి చాలదు.

పక్కల సంగతి రేపు తోటలో చూస్తాను.

ఏప్రిల్ 7

తయారు చేసేవాళ్ళంతా ఒక్కటే. చైనా అయినా, మన బజారైనా.

ఏప్రిల్ 10

నన్ను ఎవరో వెంబడిస్తున్నారు. ఇది ఊహ కాదు.

తోటలో కాయలకి కాగితం కవర్లు కట్టించాను. పైసా తక్కువ కాకుండా రేటు రావాలంటే కాయ మీద మచ్చ ఉండకూడదు కదా. చీకటి పడే ముందు ఒక చుట్టు తిరిగి చూసుకుంటాను. నేల బావి పక్కనుంచి నడుస్తుంటే నా ముందున్న చెట్టు మొదలు మీద వెలుగు పడింది. నా టార్చి అప్పుడు కొమ్మల మీద ఉంది. మొదలు మీద పడింది నాది కాదు. గిరుక్కున తిరిగాను. ఎవరూ లేరు. ఇంకా తిరిగితే, మూరెడు దూరంలో ఏబెల్!

ఏబెల్ మా తోటలో పన్నెండేళ్ళుగా చేస్తున్నాడు. చెట్టు చెట్టుకీ నీళ్ళు పెట్టింది వాడే.

"ఏరా, నా వెనక ఏం పని నీకు?"

"ఏం లేదండయ్యా. పొద్దుబోయింది కదాని."

"పొద్దుబోతే?"

చేతిలో టార్చి వెనక్కి పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ ఇది! నేను ఏ చెట్టు దాకా వస్తున్నానో, ఎప్పుడు ఇంటికి మళ్ళుతున్నానో కనిపెట్టి ఎవరికో సైగ చేస్తున్నాడు. ఆ వెలుగు సైగే.

ఏప్రిల్ 13

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.

బంగినపల్లి వరసలో మూడో చెట్టు ఎడమ కొమ్మకి కవర్లు గుత్తులు గుత్తులుగా ఉండాలి. పొద్దున వెళ్ళి చూస్తే కొమ్మ బోసిగా ఉంది. ఏబెల్‌ని పిలిచి అడిగాను. "ఇయ్యిగో ఇక్కడే ఉన్నాయి కదండీ" అని నా భుజం పక్కనుంచి చెయ్యి చాపి చూపించాడు. అటు తిరిగితే ఉన్నాయి! ఇప్పుడు లేనివి ఇప్పుడే ఎలా వచ్చాయి? కాయలు ముందే కోసి పెట్టుకొని, నేను అడిగేసరికి కొమ్మకి తగిలించి ఉంటాడు. ఎలా తగిలించాడని అడక్కు. దొంగకి వెయ్యి దారులు.

కవర్లు కట్టే ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. వాళ్ళందరి ముందూ అడిగేశాను.

"ఎన్నాళ్ళ నుంచిరా ఈ దొంగతనం?"

"అయ్యా, ఆ మాట అనమాకండి" అన్నాడు.

"నా సొమ్ము తింటా, నా వెనకాలే కాపలా కాస్తన్నావు! రేపట్నుంచి రావద్దు."

నిలబడి చూశాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. తలపాగా విప్పి దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు తలలు వంచుకొని మళ్ళీ కవర్లు కట్టుకున్నారు. గొడవ లేకుండా తేలిపోయింది.

నాకు హాయిగా ఉంది.

ఏప్రిల్ 14

శివపార్వతి అన్నం పెట్టింది. "ఏబెల్‌ని ఎందుకు మానిపించారు?" అని ఒక్కసారి అడిగింది. చెప్పాను. "అయ్యో" అంది. చేతులు కడుక్కొని దొడ్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఏబెల్ మీద ఆవిడకంత జాలి ఎందుకో కూడా ఆలోచించాలి.

ఏప్రిల్ 19

హనుమాయమ్మ నా బండికి అడ్డం వచ్చింది.

పక్కనుంచి వచ్చింది. హఠాత్తుగా వచ్చింది. నేను మెల్లగానే వెళ్తున్నాను. హారను కూడా కొట్టాను. కొట్టాననుకుంటా.

చెయ్యి విరిగింది. మణికట్టు దగ్గర. మా తోటలో కవర్లు కట్టే మనిషే. ఆసుపత్రిలో పట్టీ వేశారు, ఖర్చు నేనే పెట్టుకుంటానని చెప్పాను. నాకేమీ కాలేదు.

ఆవిడ చూసుకోవాల్సింది.

ఏప్రిల్ 20

ఆవిడ పక్కనుంచి వచ్చింది. ఎవరేమన్నా నేను ఈ మాట మీదే ఉంటాను.

సాయంత్రం

రాత్రంతా నిద్ర పట్టలేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. దీన్ని ఎవరూ చదవరు.

హనుమాయమ్మని చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూచుని ఉంది. కోప్పడలేదు. "నేను రాలేదయ్యగారూ, నిలబడే ఉన్నాను" అంది. రెడ్డిగూడెం బస్సు కోసం రోడ్డు వార మార్జిన్లో నిలబడి ఉందట. నా బండి తిన్నగా తన మీదికే వస్తుంటే చెయ్యి ఊపిందట. కేకేసిందట. "నా వైపే చూస్తన్నారు, చూసి కూడా వచ్చేస్తన్నారేంటా అనుకున్నా." అక్కడ టీ కొట్టు దగ్గరున్న ఇద్దరూ అదే చెప్పారు.

అది జరిగింది పొద్దున పది గంటలకి. మాడిపోయే ఎండ. తప్పు టార్చి మీద పెట్టడానికి లేదు, సుందరరావు మీద పెట్టడానికి లేదు.

చెయ్యి ఊపిన మనిషి, ఎర్ర చీర కట్టుకున్న మనిషి, నాకు కనపడలేదు. ఒకవేళ ఆ జాగాలో చిన్నపిల్ల ఉంటే?

శివపార్వతిని పిలిచి "విజయవాడ ఎప్పుడు వెళ్దాం?" అని అడిగాను. ఆవిడ ఎప్పుడు అని చెప్పలేదు, బట్టలు సర్దింది.

ఏప్రిల్ 23, విజయవాడ, సుప్రజ ఇల్లు

అక్షరాలు చదివించారు. కడపటి వరస దాకా చదివాను. చూశావా అన్నట్టు సుప్రజ వైపు చూశాను. డాక్టరమ్మ మాత్రం మెచ్చుకోలేదు. కంట్లో ఏదో ఒత్తిడి కొలిచి, మళ్ళీ కొలిచి, ఇంకో గదిలోకి పంపింది.

చీకటి గది. తెల్లటి డొప్ప లాంటి మిషను. అందులో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడిమధ్య చుక్కనే చూస్తుండమంది అక్కడి అమ్మాయి. చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. అంతే. టార్చీల్లో ఆరితేరినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను.

మెరిసింది, నొక్కాను. మెరిసింది, నొక్కాను. ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"కరెంటు పోయిందామ్మా?"

"లేదండీ, నడుస్తోంది. చుక్కనే చూడండి."

మళ్ళీ ఏమీ లేదు. అప్పుడు తెలిసింది నాకు వీళ్ళ కిటుకు. మిషను ఆపేసి, ముసలాడికి కనపడలేదని రాసేసి, ఆపరేషను అంటారు. నేనేం తక్కువ తిన్నానా? మెరిసినా మెరవకపోయినా ఆగి ఆగి నొక్కడం మొదలుపెట్టాను. టిక్కు, టిక్కు. బాగా జరుగుతోంది అనుకున్నాను.

మిషను ఆపింది ఆ అమ్మాయి. "లైటు రానప్పుడు కూడా నొక్కుతున్నారండీ. అలా చేస్తే టెస్టు పనికిరాదు. మళ్ళీ మొదటినుంచి పెడతాను."

"వస్తే కదమ్మా నొక్కేది!" అని అరిచాను.

అప్పుడు నా వెనక ఎవరో ఏడ్చారు. శివపార్వతి. ఆ గదిలో ఉందని నాకు తెలియనే తెలియదు.

"వస్తూనే ఉన్నాయండీ" అంది. "పైన ఒకటి, పక్కన ఒకటి, మెరుస్తూనే ఉన్నాయి. వెనకనుంచి నాకే కనపడుతున్నాయి. మీకు కనపడట్లేదా? ఒక్కటీ కనపడట్లేదా?"

నాకు భయమేసింది. ఇన్నేళ్ళలో పాముని చూసి వెయ్యని భయం, వడగళ్ళకి కాపంతా నేలపాలైనప్పుడు వెయ్యని భయం. గడ్డం ఆ డొప్పలోనే పెట్టుకొని కాసేపు అలాగే ఉండిపోయాను.

మళ్ళీ చేశారు. ఈసారి కనపడినప్పుడే నొక్కాను. చాలా తక్కువ సార్లు నొక్కాను.

నీటికాసులు అంటారట. పక్కచూపు ముందు పోతుంది, నడిమి చూపు చివరిదాకా ఉంటుంది, అందుకే మనిషికి తెలియదట. ఎడమ వైపు చాలావరకు పోయింది, కుడివైపు కొంత. శివపార్వతి సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి పోయిన నా చుక్కల మందు. ఎవరికైనా చూపిద్దామని దాచిందట.

డాక్టరమ్మ సీసా చూసి తల పట్టుకుంది. "ఇది నాలుగు రోజులు వాడి ఆపెయ్యాల్సిన మందండీ. రెండేళ్ళు వేశారా? రోజూనా?"

"మంట తగ్గేదండీ" అన్నాను.

"మంట తగ్గింది. లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడదాం. ఇంకో ఏడాది ఇలాగే వేసుకుంటే అదీ ఉండేది కాదు."

నా చేత్తో నేనే. పొద్దునా సాయంత్రం, తల వెనక్కి వాల్చి, జాగ్రత్తగా, ఒక్క చుక్క కింద పడకుండా.

లేచే ముందు అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. "వెలుగు బాగా వెడల్పుగా పడే టార్చి ఏదైనా కొంటే ఉపయోగం ఉంటదాండీ?"

ఆవిడ నవ్వలేదు. "వెలుగు ఎంత వెడల్పున పడినా మీకు కనపడే మేరే కనపడుతుంది. చిన్న టార్చి ఏదైనా చాలు. తల తిప్పి చూడటం అలవాటు చేసుకోండి, అటూ ఇటూ, నెమ్మదిగా, పూర్తిగా. బండి మాత్రం వద్దు" అంది.

ఏప్రిల్ 24

బస్సులో కిటికీ పక్కన నన్ను కూచోబెట్టింది శివపార్వతి. మైలవరం దాటాక చెప్పింది.

ఏబెల్‌ని నా వెనక నడవమన్నది తనేనట. డ్రిప్పు పైపు తగిలి పడినప్పటినుంచీ. నేల బావికి చుట్టుగోడ లేదు, నేను ఎడమపక్కన బావి అంచునే నడుస్తున్నానని, అది నాకు తెలియట్లేదని ఏబెల్ వచ్చి చెప్పాడట. "నేను ఎడంపక్కన ఉంటానమ్మా, అయ్యగారికి చెప్పమాకండి, కోప్పడతారు" అన్నాడట. బావికీ నాకూ మధ్య నడిచాడు రోజూ.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే వినేవాళ్ళా?" అంది.

కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత కోపం రాలేదు. ఏబెల్‌ని దొంగ అన్న మాట మాత్రం తిరువూరు దాకా చెవిలో మోగుతూనే ఉంది.

దిగి తిన్నగా వాళ్ళ పేటకి వెళ్ళాం. పన్నెండేళ్ళలో నేను ఏబెల్ ఇంటికి వెళ్ళడం ఇదే మొదలు. కుర్చీ తెచ్చి వేశాడు. వాళ్ళావిడ లోపలినుంచి బయటికి రాలేదు.

"తప్పైపోయిందిరా ఏబెల్" అన్నాను. "తప్పైపోయిందయ్యా" అని మళ్ళీ అన్నాను. "పన్లోకి రా."

"కొండూరు వైపు ఇంకో తోటలో అడిగితే, నువ్వు దొంగతనం చేశావంట కదా అన్నారండీ" అన్నాడు. "మా పిల్లని కూడా అన్నారు. మీరు ఇక్కడికొచ్చి నా ఒక్కడితో అంటే అది పోద్దాండీ? ఆ మాట నలుగురిలో అన్నారు. ఈ మాట కూడా నలుగురిలోనే అనండి. అన్నాక వస్తానో రానో నేను చూసుకుంటా."

నాతో ఎవరూ అలా మాట్లాడరు. నాకు చురుక్కుమంది. వాడు చెప్పింది న్యాయం.

ఎల్లుండి మొదటి కోత. అందరూ ఉంటారు.

ఏప్రిల్ 26

బంగినపల్లి కోత మొదలైంది. కోత మనుషులు, కాయలు ఏరే ఆడవాళ్ళు, గ్రేడింగు చేసేవాళ్ళు, లారీ డ్రైవరు. చెయ్యికి కట్టుతో హనుమాయమ్మ కూడా వచ్చి గట్టు మీద కూచుంది. ఏబెల్‌కి కబురు పంపాను. వస్తానని గాని రానని గాని చెప్పలేదట.

పని ఆపించాను. చెట్టు కింద నిలబడ్డాను. శివపార్వతి మంచినీళ్ళు ఇచ్చింది, ఈసారి "ఏమండీ, నీళ్ళు" అని ముందు చెప్పి ఇచ్చింది.

"ఏబెల్ దొంగ కాదు" అన్నాను. "కాయ ఒక్కటి కూడా పోలేదు. నాకు కనపడక, పోయాయనుకున్నాను. నాకు పక్కలు కనపడవు. కళ్ళు పాడయ్యాయి, పాడు చేసుకుంది నేనే. నేను బావిలో పడకుండా ఏబెల్ నా పక్కన నడిచాడు, నేనేమో వాణ్ణి దొంగన్నాను. మీ అందరి ముందూ అన్నాను కాబట్టి మీ అందరి ముందూ చెబుతున్నాను, తప్పు నాది. ఏబెల్ ఇది వినాలి. వచ్చాడా?"

ఎదురుగా లారీ డ్రైవరు మొహం కనపడింది. అతని పక్కన ఎవరో తెలియలేదు. తల తిప్పాను. ఒక మొహం. ఇంకాస్త తిప్పాను, ఇంకో మొహం. కోత మనుషులు, ఆడవాళ్ళు, హనుమాయమ్మ. అందరూ నా వైపే చూస్తున్నారు, ఒక్కరూ నవ్వట్లేదు. ఏబెల్ లేడు. రాడులే, ఎందుకొస్తాడు అనుకున్నాను. ఏడుపొచ్చింది, అందరి ముందూ వచ్చేసింది.

"ఏబెల్ రాలేదా?" అని మళ్ళీ అడిగాను.

హనుమాయమ్మ కట్టు లేని చెయ్యెత్తి నా ఎడమపక్కకి చూపించింది.

తిప్పాను. నెమ్మదిగా, పూర్తిగా తిప్పాను. ఏబెల్ నా భుజం పక్కనే నిలబడి ఉన్నాడు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. నేను మాట మొదలుపెట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నాడట.